జరగని పనికి ఇన్ని సొగసులా!

సిల్ ఫ్యూ వెన్యూ, ఝ్యూస్ శాఁతే.

ఒక్కసారి నాతోపాటు పైకి అనండి. తొందరేం లేదు. ఆ ‘యూ’ మన యూ కాదు. నాలుక ‘ఈ’ అంటుండాలి, పెదవులు ‘ఊ’ అన్నట్టు సున్నా చుట్టాలి. ఈల వేయబోయి ఆగిపోయిన నోరది. అర్థం చెబుతాను: ‘అతను వచ్చి ఉంటే, నేను పాడి ఉందును.’ అతను రాలేదు. ఆ పాట పుట్టనే లేదు. రాని ఆ మనిషికి, పుట్టని ఆ పాటకు ఫ్రెంచి భాష ఎంత మెత్తటి శయ్య పరిచింది!

వ్యాకరణంలో దీని పేరు ప్లూ-కె-పర్ఫే ద్యూ సుబ్జొంక్తిఫ్. పేరు వినగానే పుస్తకం మూసేసేవాళ్లున్నారు. మూయకండి. పాడేరు కొండల నీడ మా మాడుగుల వీధుల్లోకి దిగే వేళ, అరుగు మీద కూర్చుని ఈ రూపాలను వల్లిస్తుంటే నాకు దీపం పెట్టడం గుర్తుండదు. ఝ్యూస్ శాఁతే, త్యూ యూస్ శాఁతే, ఇల్ యూ శాఁతే... ఇక్కడ ఒక్క ఊపిరి ఆగాలి. ఏకవచనంలో ఇంత ఒదిగి నడిచిన క్రియ బహువచనంలో అడుగు పెట్టేసరికి నూజ్యూస్యోఁ అంటూ కుచ్చిళ్లు విప్పుకుంటుంది! ‘నూ’ చివర నోరు విప్పని సకారం, తరువాతి అచ్చు తగలగానే జకారమై మేలుకుంటుంది. పరుషాలు సరళాలయ్యే భాషలో పుట్టినవాళ్లం, ఈ మేలుకోవడం మన చెవికి కొత్త కాదు.

మా ఊరి హల్వా తిన్నవారికి ఒక సంగతి తెలుసు. గోధుమలు నానాలి, రుబ్బి పాలు తీయాలి, ఆ పాలు పులియాలి, ఆ తరువాతే పొయ్యి, పంచదార, నెయ్యి. నాలుక మీద కరిగేది తీపి ఒక్కటే కాదు, అది ఊరిన కాలం కూడా. ‘ఇల్ యూ’ అనే ఆ రెండు ముక్కల్లోనూ అలాంటి కాలమే ఊరింది. లాటిన్‌లో ఆ ‘యూ’ ‘హబుయిస్సెత్’. నాలుగు అక్షరాల నిండు మాట, శతాబ్దాలు నానీ నానీ, హల్లులు ఒక్కొక్కటే కరిగీ కరిగీ, చివరికి ఒక్క అచ్చుగా మిగిలింది. ఒకే ఒక్క అచ్చు! రాతలో మాత్రం దాని నెత్తిన చిన్న గొడుగు గుర్తు వేస్తారు. ఒకప్పుడు ఇక్కడొక సకారం ఉండేదని ఆ గొడుగు జ్ఞాపకం చేస్తుంది. మనకు అరసున్న లేదూ? ‘వాఁడు’ అని రాసిన చోట, నోరు ఎప్పుడో మరిచిన నిండుసున్నను కాగితం మరవలేదు. ఆ గొడుగును చూసినప్పుడల్లా పరదేశంలో మన అరసున్న ఎదురుపడినట్టు నాకు ప్రాణం లేచొస్తుంది.

జరగనిదాన్ని ప్రేమించిన భాష ఫ్రెంచి ఒక్కటే కాదు. సంస్కృతంలో దీనికోసమే లృఙ్ అనే లకారం, అంటే ఒక క్రియారూపం ఉంది. పాణిని ఆ సందర్భాన్ని క్రియాతిపత్తి అన్నాడు, అంటే పని సాగకుండా తప్పిపోవడం. మంచి వాన కురిసి ఉంటే మంచి పంట పండి ఉండును అన్న అర్థంలో పండితులు ఉదాహరణ చెబుతారు. కురవని వాన, పండని పంట, రెండింటికీ ఒకే లకారం! తెలుగులో చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరిస్తూ చేదర్థకానికి, అంటే ‘చేస్తే’, ‘ఉంటే’ వంటి రూపానికి, చోటిచ్చాడు. కానీ సూత్రాలదాకా ఎందుకు? మా వైపు సంతలో నిలబడండి. “ముందే సెప్పుంటే నానూ ఒచ్చుందును కదేటి బావా!” ఆ ‘ఉంటే’కూ ఆ ‘ఉందును’కూ మధ్య ఎంత బెంగ, ఎంత ఆప్యాయత! ‘బాగుణ్ణు’ అన్న మాట వినండి. ‘బాగుండును’ అరిగి అరిగి ణకారం మీద ఒత్తై నిలిచింది. పోయినవాళ్లను తలుచుకుంటూ “బతికుంటే బాగుణ్ణు” అనే ముసలమ్మ గొంతులో ఆ ఒత్తు దగ్గర జీర వస్తుంది చూడండి, ఏ గాయకుడి గమకమూ దానికి సాటి రాదు.

ఇంకొక్క విశేషం చెప్పనీయండి. లేనిదాన్ని చెప్పడానికి మనం పిలిచే ధాతువు ఏది? ‘ఉండు’! ఫ్రెంచివాళ్లు పిలిచేవి రెండు: ‘ఉండు’, ‘కలిగి ఉండు’. ఉనికే లేని సంగతికి ఉనికి ధాతువునే తోడిచ్చి నడిపించడం! ఇంతకన్నా కరుణ గల పని వ్యాకరణంలో మరొకటి నాకు కనిపించలేదు.

ఈ రెండు భాషల ‘ఉంటే’లూ ఒక్క వీధిలో కలిసి బతికిన చోటు మన యానాం. 1954 నవంబరు 1న ఆ ఊళ్లో పాలన ఫ్రెంచివారి చేతి నుంచి మనకు వచ్చింది. అప్పగింత ఒప్పందం 1956లో కుదిరి, 1962 ఆగస్టు 16న అమలైంది. అక్కడ పుట్టినవాళ్లు కావాలంటే ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా చెప్పి ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చన్నారు. ఆరు నెలలు! గోదావరి గాలి తగిలే ఆ ఇళ్లలో, దీపం కింద, సంతకం చేయాలా వద్దా అని కూర్చున్న తెలుగు మనుషులను నేను ఊహించుకుంటాను. చేసి ఉంటే? చేయకుండా ఉంటే? ఏ దారి పట్టినా, రెండో దారి బతుకంతా ఈ లకారంలోనే మిగిలిపోయి ఉంటుంది.

ఫ్రెంచివాళ్లు మాటల్లో ఈ సుబ్జొంక్తిఫ్ రూపాన్ని దాదాపు వదిలేశారు. దీని తోబుట్టువైన మరో సుబ్జొంక్తిఫ్ బదులు వర్తమాన రూపం రాసినా పరీక్షల్లో తప్పు పట్టవద్దని 1901లోనే వాళ్ల విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. పుస్తకాల్లో మాత్రం అది వెలుగుతూనే ఉంది. క్లియోపాత్రా ముక్కు మరికాస్త పొట్టిదైతే లోకం రూపే వేరుగా ఉండేదన్న తత్త్వవేత్త పాస్కల్ ఊహ నడిచింది ఈ రూపం మీదే. నవలాకారుడు ప్రూస్త్ పొడుగాటి వాక్యాల మలుపుల్లోనూ అది తళుక్కుమంటుంది. రూపసిద్ధి కోసం చదివేవారికి ఇది బరువే. చెవి కోసం చదివితే, ఫ్రెంచి క్రియలన్నిటిలోకీ ఇదే అందగత్తె అని నా తీర్పు.

నోట్లో ఇంకా ఆ సున్నా ఉందా? అయితే మరొక్కసారి, ఈసారి నెమ్మదిగా, తెలుగును పక్కన పెట్టుకుని అనండి. సిల్ ఫ్యూ వెన్యూ, వచ్చి ఉంటే. ఝ్యూస్ శాఁతే, పాడి ఉందును.