తానా అంటే తందానా

ఎదురు చెప్పకుండా తలూపేవాణ్ణి చూస్తే మనకు ఠక్కున నోటికొచ్చే మాట ‘వంత పాడుతున్నాడు’. ఇంకాస్త ఒళ్ళు మండితే ‘వాడు తానా అంటే వీడు తందానా అంటాడు’. ఈ తిట్ల వెనక ఉన్నది బుర్రకథ వేదికే. కథకుడికి అటొకరు, ఇటొకరు నిలబడి, డక్కి వాయిస్తూ పల్లవి అందుకునే ఇద్దరి మీద పడిన నింద ఇది. వాళ్ళకు సొంత బుర్ర లేదని, బుర్ర ఉన్నది నడుమనున్నవాడి భుజం మీదేనని. రాత్రంతా కథ విని, తెల్లారాక ఆ కథ మోసినవాళ్ళ పనినే తిట్టుగా వాడుకున్నవాళ్ళం మనం. ఆ తిట్టుతో నాకు పేచీ ఉంది.

నాది బళ్ళారి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, సంతలో రెండూ కలిసిన మూడోదొకటి. 1953 అక్టోబరు 1న పాత మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లాను చీల్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. ఊళ్ళకైతే గీత గీయొచ్చు. ఏడాది పొడుగునా ఊరు మార్చుకుంటూ బుర్రకథ చెప్పుకు బతికే బుడగ జంగాలకు ఏ గీత గీస్తారు? వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. కథ మాత్రం ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరి భాషలో.

దరోజి ఈరమ్మ ఆ బుడగ జంగాల ఆడబిడ్డ. సండూరు తాలూకాలోని దరోజి అంటే ఇప్పుడు అందరూ ఎలుగుబంట్ల అభయారణ్యమే అనుకుంటారు గానీ, మా చిన్నప్పుడు దరోజి అంటే ఈరమ్మే. అక్షరం ముక్క రాదు. కథ తండ్రి దగ్గర వినీ వినీ పట్టుకున్నారు. కుమారరాముడు, బాలనాగమ్మ మొదలుకొని 12 జానపద కావ్యాలు నోటికి చెప్పేవారు. 1999లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారం, ఆ పైన హంపి కన్నడ విశ్వవిద్యాలయం వారి నాడోజ గౌరవం. 2014 ఆగస్టు 12న కన్నుమూశారు. పాత జంగం కథల్లో నడుమ నిలబడేది మామూలుగా మగవాడు, పక్కన డక్కిలు పట్టుకునేది ఇంటి ఆడవాళ్ళు. ఈరమ్మ ఆ నడిమి చోటులోకి వచ్చి నిలబడ్డారు. అది చిన్న సంగతి కాదు.

అయితే నా కళ్ళు ఎప్పుడూ ఆమె పక్కకే పోయేవి. అక్కడ తోబుట్టువు శివమ్మ, బంధువు పార్వతమ్మ ఉండేవారు. ఈరమ్మ పాడిన కావ్యాలను విద్వాంసులు రికార్డు చేశారు, రాసుకున్నారు, అచ్చు వేశారు. అచ్చులో పదాలున్నాయి, చరణాలున్నాయి. డక్కి మాత్రం లేదు. పదానికీ పదానికీ నడుమ ఆ ఇద్దరూ ఏం చేశారో ఏ పేజీలోనూ దొరకదు.

బుర్రకథలో మూడు అంతస్తుల శబ్దం ఉంటుంది. పై అంతస్తు అందెలది. కథకుడి కుడి బొటనవేలికి ఒక లోహపు కడియం, చేతిలో మరొకటి. రెండూ తాకితే గలగలమని పదునుగా వినిపిస్తుంది. కాళ్ళ గజ్జెలదీ ఆ అంతస్తే. నడిమిది తంబుర. మన సంగీత కచేరీల్లోలాగా శ్రుతి పట్టుకుని కూర్చోదు, భుజం మీద ఎక్కి అడుగుకో మీటు పలుకుతుంది. ఆ తంబుర కాయనే బుర్ర అన్నారు, కథకు పేరు దానివల్లే వచ్చింది. కింది అంతస్తు డక్కిది. పేరు ఊరికొకటి: గుమ్మెట అంటారు, బుడికె అంటారు, బుడిగె అంటారు, మా వైపు డిమ్మి అనడమూ విన్నాను. మట్టితోనో ఇత్తడితోనో చేసిన చట్రం, రెండు మూతులు, రెంటికీ తోలు, బిగించడానికి తాళ్ళు. అంతే సామాను.

శబ్దంలో కింది అంతస్తుకు ఉండే శాపం ఏమిటంటే, అది ఉన్నప్పుడు ఎవరికీ పట్టదు, లేనప్పుడే తెలుస్తుంది. డక్కి ఆపి తంబుర, అందెలతో మాత్రమే కథ చెప్పించి చూడండి. పాట బాగానే ఉంటుంది, కథ మాత్రం నేల మీద ఆనదు, గాలిలో వేలాడుతుంది.

నాకు డక్కి సంగతి చెప్పింది ఒక అవ్వ. పేరు రాయను, రాయొద్దంది కూడా. బళ్ళారి పక్క పల్లెలో ఒక జాతర రాత్రి, కథ మొదలవడానికి ముందు ఆమె వేదిక వెనక కూర్చుని చింతపుల్లల మంట మీద డక్కిని తిప్పుతోంది. వానాకాలం. తేమకు తోలు సాగిపోతుంది, వేడి తగిలితే బిగుస్తుంది. తిప్పడం, బొటనవేలితో మీటడం, చెవి దగ్గర పెట్టుకోవడం, మళ్ళీ తిప్పడం. నేను మధ్యలో, “చాలు కదవ్వా, మోగుతోంది కదా” అన్నాను. “మోగేది కాదు నాయనా, గుమ్మనల్ల” అంది. మరీ బిగిస్తే డక్కి కణకణలాడుతుంది, అప్పుడది అందెలతో పోటీకి దిగుతుంది. మరీ వదిలేస్తే తడిగుడ్డ మీద కొట్టినట్టుంటుంది. ఈ రెంటికీ నడుమ ఒక వెంట్రుకవాసి చోటుంది. ఆ చోటు దొరికేదాకా ఆమె మంట దగ్గరనుంచి లేవలేదు.

తర్వాత వాయించి చూపింది. కుడి చేత్తో ఒక దెబ్బ వేసి, ఆ మోత ఇంకా ఆరిపోకముందే అరచేతి మడమతో తోలును అదిమింది. ‘గుం’ అన్న శబ్దం కాస్తా ‘గుఁవ్వ్’ మని పైకి జారింది. వదిలితే మళ్ళీ కిందికి దిగింది. తోలు బిగువు మారితే స్వరం మారుతుందన్నది బడిపిల్లలకూ తెలిసిన శాస్త్రమే. దెబ్బ తర్వాత అరక్షణంలో, ఎంత అదమాలో అంతే అదిమి, పాడే మనిషి గొంతు ఎటు పోతే అటు జార్చడం శాస్త్రం తెలిసినంత మాత్రాన వచ్చేది కాదు. మృదంగం కుడి మూతకు నల్లటి కరణి ఉంటుంది, ఎడమ మూతకు మంద్రం రావడానికి తడి రవ్వ ముద్ద అతికిస్తారు. ఆ మృదంగం నాదం ఎలా పుడుతుందో చెబుతూ సి.వి. రామన్ 1920లోనే ‘నేచర్’ పత్రికకు రాశారు. అవ్వ డక్కికి కరణీ లేదు, రవ్వా లేదు. ఆ పనంతా ఆమె అరచెయ్యే చేస్తోంది.

చెప్పకపోతే అన్యాయం కాబట్టి ఒక మాట: మా సరిహద్దులో ఇంతకంటే లోతైన గొంతు ఉరుముది. అనంతపురం పల్లెల్లో వాయించే ఆ వాద్యాన్ని ఒక పక్క కర్రతో రుద్దుతారు. పేరుకు తగ్గట్టే మబ్బు గుర్రుమన్నట్టు ఉంటుంది. దాని కథ వేరే రాయాలి.

వాయించడం వంత పనిలో సగమే. రెండో సగం ఊపిరి. కథకుడు చరణం చివరికొచ్చేసరికి గాలి అయిపోతుంది. ఆ చివరి మాటను వంతలు అందుకుని, తందాన తాన అని సాగదీసి, డక్కి మీద ఒక చుట్టు తిప్పి వదులుతారు. ఆ కాస్త వ్యవధిలో కథకుడు ఊపిరి పీల్చుకుంటాడు, చెమట తుడుచుకుంటాడు, రాబోయే చరణాన్ని నాలుక చివరికి తెచ్చుకుంటాడు. మైకులు లేని రోజుల్లో ఇలా పొద్దుపోయేదాకా గొంతు నిలిచిందంటే, అది ఒక గొంతు బలం కాదు, మూడు గొంతుల వంతు. ‘వంత’ అన్నప్పుడల్లా నా చెవికి ఆ ‘వంతు’ కూడా వినిపిస్తుంది. భాషాశాస్త్రజ్ఞులు నన్ను క్షమించాలి.

“కథ మరిచిపోతే ఏం చేస్తారవ్వా?” అని అడిగాను.

“అక్క మరిస్తే నా దిక్కు చూస్తాది. నేను రెండు సుట్లు ఎక్కువ కొడతా. జనం తలకాయలు ఆడిస్తా ఉంటారు. ఆలోపల అక్కకు గుర్తొస్తాది.”

“రాకపోతే?”

“ఇంకా రెండు సుట్లు.”

తర్వాత కథ నడుస్తున్నప్పుడు నేను కథకురాలిని వదిలేసి అవ్వనే చూశాను. కుమారరాముడి కథ. కంపిలి రాజు కొడుకు కథ కాబట్టి మావాళ్ళకు సొంత ఊరి సంగతి. యుద్ధం వచ్చేసరికి డక్కి జోరందుకుంటుందని అనుకున్నాను. అందుకుంది కూడా, అది ఎవరైనా చేస్తారు. కానీ సవతి తల్లి రత్నాజి అంతఃపురంలో చెండు పడి, దాన్ని తెచ్చుకోవడానికి కుర్రవాడు గడప దాటే చోట అవ్వ చెయ్యి ఎత్తి, దించకుండా ఆపేసింది. ఒక్క దెబ్బ. మామూలుగా పడాల్సిన దెబ్బ పడలేదు. నా ముందు కూర్చున్న చిన్నపిల్ల తల తిప్పి వాళ్ళమ్మ వైపు చూసింది. ఏదో జరగబోతోందని కథకురాలి నోరు చెప్పకముందే ఆ పిల్లకు తెలిసిపోయింది. సొంత బుర్ర లేనివాళ్ళు చేసే పనేనా ఇది?

కోస్తాలో ఈ కళకు ఇంకో దశ వచ్చింది. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి జంగం కథను పట్టుకుని రాజకీయ వేదికెక్కించింది. వంతల్లో ఒకరికి హాస్యం, ఇంకొకరికి రాజకీయం అని పనులు పంచారు. కథ నడుమ ఆగి, ఒకరు నవ్విస్తే ఒకరు నిలదీస్తారు. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ దాన్ని శిఖరానికి చేర్చారు. 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ‘పింజారి’ పేరుతో ఆయన ఆత్మకథ ఉంది. ఆయన పక్కన నిలబడిన రామకోటి, పురుషోత్తంల పేర్లు మాత్రం ఇప్పుడు పది మందిని అడిగితే ఇద్దరు చెప్పడం గొప్ప. 1954 నాటి ‘అగ్గిరాముడు’ సినిమాలో నాజర్ దళం అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఉంది. ఈసారి చూసినప్పుడు నాజర్ ముఖం మీంచి కళ్ళు తీసి పక్కలకు చూడండి. ఆయన ముందుకు ఉరికిన ప్రతిసారీ తిరిగి వచ్చి వాలడానికి అక్కడ ఒక లయ నిలబడి ఉంటుంది.

ఈ అన్యాయం మన ఒక్కరిదే కాదు. అమెరికాలో డెట్రాయిట్ నగరపు మోటౌన్ కంపెనీ 1960లలో ప్రపంచాన్నంతా ఆడించిన పాటలు తీసింది. వాటిలో చాలావాటికి బేస్ గిటార్ వాయించింది జేమ్స్ జేమర్సన్. నాలుగు తీగలనూ కుడి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఏళ్ళ తరబడి ఆ రికార్డుల అట్టల మీద గాయకుల పేర్లే గానీ అతని పేరు లేదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అట్ట మీద పేరు పడేసరికి అతను ఆ పనిలో పుష్కరానికి దగ్గరపడ్డాడు. 1983లో పోయాడు. ఆ వాద్యబృందం మీద డాక్యుమెంటరీ సినిమా 2002లో వచ్చింది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకను ఈలగా వేసుకుని తిరిగే మనవాళ్ళు కూడా ఆ వేళ్ళు ఎవరివని అడగరు కదా.

కింది శబ్దానికి ఇప్పుడు కొత్త శత్రువు వచ్చింది. అది మన జేబులోనే ఉంది. జానపద కథలు ఈ రోజుల్లో ఎక్కువమంది వినేది ఫోన్‌లో. ఫోన్‌లోని గోరంత స్పీకరు 200 హెర్ట్జ్‌కు దిగువనున్న శబ్దాన్ని దాదాపు పలకనే పలకదు. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, డక్కి అంత లోతుకు పోదు గానీ దాని గుమ్మంతా ఆ కింది భాగంలోనే ఉంటుంది. అందుకే ఫోన్‌లో వింటే అందెలు గలగలమంటాయి, డక్కి మాత్రం డబ్బా మీద దరువేసినట్టు టకటకమంటుంది. విన్నవాడు ‘పక్కవాళ్ళు ఏదో కొడుతున్నారు’ అనుకుంటాడు. ఒక్కసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే రికార్డు వినండి. ఇంటి కింద పునాది ఉందని అప్పుడు తెలుస్తుంది.

ఫోన్ కంటే ముందే మైకు ఈ పని చేసింది. కొన్నేళ్ళ కిందట నేనూ ఒక చెయ్యి వేసిన ఒక సాంస్కృతిక కార్యక్రమంలో బుర్రకథకు ఒక్కటే మైకు ఇచ్చారు, నడిమి మనిషికి. డక్కిలకూ కావాలని అడిగితే, “అవి ఎలాగూ గట్టిగానే మోగుతాయి కదండీ” అన్నారు. దగ్గర నిలబడితే మోగుతాయి. నాలుగు వందల మంది కూర్చున్న మైదానంలో మంద్రం ఎక్కడ ఆనుతుంది? ముందు వరసకు బుర్రకథ వినిపించింది, వెనక వరసకు తంబుర పట్టుకున్న ఒక ఆడమనిషి ఉపన్యాసం వినిపించింది. ఆ రోజు నేను గట్టిగా అడగలేదు. ఆ సంగతి ఇప్పటికీ గుచ్చుతుంది.

మొన్నటి జాతరలో మాత్రం సౌండు కుర్రాడితో ముందే మాట్లాడుకున్నాను. డక్కికి జానెడు దూరంలో, మనిషి నడుము ఎత్తున, రెండు మైకులు పెట్టించాను. పరీక్షకు అవ్వ ఒక దెబ్బ వేసింది. పెద్ద స్పీకర్లోంచి వచ్చిన ఆ ‘గుం’కు పక్క వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి. అవ్వ ఉలిక్కిపడి, అరచేతిని ఒకసారి తిప్పి చూసుకుంది. ఇన్నేళ్ళలో తన దెబ్బ తనకు అంత దూరంనుంచి వినపడటం అదే మొదటిసారట.

“ఇంత దగ్గర పెడితివే నాయనా, నా కీళ్ళ నొప్పులు గూడా ఊరంతా ఇనపడతాయేమో” అంది.

కథకురాలు తంబుర భుజానికెత్తుకుని, ఆమె వైపు చూసి, మొదలుపెట్టమని తలూపింది.