ద్రవ్యరాశి, భారము, అణువు

శాస్త్రమున ఒక పదమునకు ఒకే అర్థముండవలెను. నిత్యవ్యవహారమునకు ఆ నియమము లేదు. ఈ రెంటి నడుమ చిక్కుకొనువాడు విద్యార్థి.

గన్నవరం ప్రాంతమున ధాన్యపు బస్తా 75 కిలోలని వాడుక. దీనినే "బరువు" అందురు. కాని కిలోగ్రాము ద్రవ్యరాశికి ప్రమాణము. భారమనగా భూమి ఆ బస్తాను ఆకర్షించు బలము. దానికి ప్రమాణము న్యూటను. గురుత్వ త్వరణమును 9.8 గా గ్రహించినచో భారము 75 × 9.8 = 735 న్యూటన్లు. చంద్రునిపై ఆకర్షణ సుమారు ఆరవ వంతు. అక్కడ స్ప్రింగు త్రాసు ఆ బస్తాకు 12 కిలోల చిల్లర మాత్రమే చూపును. తూనికరాళ్లు వేసి తూచు పళ్లెముల త్రాసు 75 కిలోలే చూపును. రాళ్ల భారమును అంతే తగ్గును గదా! బస్తాలో గింజ ఒక్కటియు తగ్గలేదు. మొదటి త్రాసు బలమును కొలిచినది, రెండవది ద్రవ్యరాశులను పోల్చినది. "బరువు" అను ఒక్క మాట ఈ భేదమును కప్పివేయుచున్నది.

"ద్రవ్యరాశి" అను పదమునందును లోపము లేకపోలేదు. కళ్లములో ధాన్యపు రాశిని చూచిన పిల్లవానికి రాశి అనగా కుప్ప. కుప్ప పెద్దదైన ద్రవ్యరాశి యెక్కువని వాడు భ్రమపడవచ్చును. దూదికుప్పను, ఇనుపగుండును ప్రక్కప్రక్కన చూపి ఉపాధ్యాయుడు ఈ భ్రమను తొలగింపవలెను.

అణువు విషయమున చిక్కు మరింత పెద్దది. పాఠ్యగ్రంథములలో నీటి అణువున రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలవు. పత్రికలలో మాత్రము "అణుబాంబు", "అణుశక్తి". ఆ శక్తి పుట్టునది అణువునుండి కాదు, పరమాణు కేంద్రకమునుండి. "కేంద్రక శక్తి" యనుటయే సరియైనది.

చక్కగా కూర్చిన పదమైనను సత్యమును చెప్పునని నమ్మరాదు. ఆమ్లములన్నిటను ఆక్సిజన్ ఉండునని లవాయిజే తలచి దానికి ఆ పేరు పెట్టెను. "ఆమ్లజని" దాని అనువాదమే. హైడ్రోక్లోరిక్ ఆమ్లమున ఆక్సిజన్ లేదని 1810 నాటికి డేవీ నిరూపించెను. పేరు నిలిచినది, సిద్ధాంతము పోయినది.

వాడుక మారదనుట సరికాదు. 1956 చట్టము ననుసరించి 1958 అక్టోబరు 1 నుండి మెట్రిక్ తూనికలు దశలవారీగా వచ్చినవి. వీశ, మణుగు లెక్కలతో పెరిగిన రైతులే కిలోలను నేర్చుకొనిరి. బజారులో "75 కిలోల బరువు" అనినను తప్పు లేదు. భౌతికశాస్త్రపు తరగతిలో మాత్రము ప్రతి అంకె ప్రక్కను సరియైన రాశియు, ప్రమాణమును ఉండవలెను. కిలోలలో భారము వ్రాసిన విద్యార్థికి మార్కు తగ్గించుటతో సరిపెట్టక, ఏ త్రాసు దేనిని కొలుచునో అడిగినచో, ఆ తప్పు మరల చేయడు.