నలుచదరపు రవ్వ

వజ్రానికి చదరం పుట్టుకతో వచ్చిన రూపం. ముడి వజ్రం చాలావరకు ఎనిమిది ముఖాల స్ఫటికంగా దొరుకుతుంది. రెండు పిరమిడ్లను అడుగుకు అడుగు ఆనించి అతికిస్తే ఎలా ఉంటుందో, ఆ స్ఫటికం అలా ఉంటుంది. దాన్ని నడిమికి అడ్డంగా కోస్తే బయటపడేది చదరమే.

వజ్రాన్ని వజ్రంతోనే కోయాలి. పూర్వపు సానపట్టేవాళ్లు వజ్రపు పొడిని నూనెలో కలిపి, తిరిగే చక్రానికి పూసి, స్ఫటికం పైకొనను అరగదీసేవారు. కొన పోయినచోట బల్లలా చదునైన చదరపు ముఖం తేలేది. అదే టేబుల్ కట్. రాయి బరువు పోగొట్టడం ఇష్టంలేని కాలంలో అంతకంటే పొదుపైన పని లేదు. 1477లో ఆస్ట్రియా యువరాజు మాక్సిమిలియన్ బర్గండీకి చెందిన మేరీకి వజ్రపుటుంగరం ఇచ్చాడు. వజ్రంతో నిశ్చితార్థం జరిగిన తొలి సందర్భాల్లో దాన్నే ఎక్కువగా చెప్తారు. అప్పట్లో యూరప్‌కు చేరే వజ్రాలు దాదాపు అన్నీ భారతదేశానివే. 18వ శతాబ్దిలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా అదే పరిస్థితి.

ఆ వ్యాపారానికి పేరు తెచ్చింది గోల్కొండ కోట. గనులు మాత్రం అక్కడ లేవు. కృష్ణా తీరంలో, కొల్లూరు వంటి చోట్ల ఉండేవి. కోట దగ్గర సాగింది బేరం. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1642లో గోల్కొండలో ఒక పెద్ద బల్లపరుపు వజ్రాన్ని చూశాడు. టెహ్రాన్ ఖజానాలో ఉన్న, సుమారు 182 క్యారట్ల లేత గులాబీ రంగు దర్యా-ఎ-నూర్ అందులోని భాగమే కావచ్చని 1965లో దాన్ని పరీక్షించిన కెనడా నిపుణులు తేల్చారు. కొల్లూరులోనే దొరికిన రీజెంట్ వజ్రం కథ వేరు. సుమారు 410 క్యారట్ల ముడిరాయిని మెరుపు కోసం లండన్‌లో మూలలు గుండ్రంగా ఉండే కుషన్ రూపంలో సానపడితే 140 క్యారట్లు మిగిలింది. మెరుపుకు రాయి చెల్లించే మూల్యం అది.

ఆ తర్వాతి కాలంలో కొత్త చదరాలు వచ్చాయి. 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన జోసెఫ్ ఆషర్ మూలలు చెక్కి, మెట్లు మెట్లుగా ముఖాలు తీర్చిన కోతను రూపొందించాడు. 1980 ప్రాంతంలో అమెరికాలో ప్రిన్సెస్ కట్ స్థిరపడింది. నాలుగు మూలలూ పదునుగా ఉంటూనే గుండ్రటి రాయిలా తళుక్కుమనడం దాని గొప్ప. గుండ్రంగా చెక్కితే ముడిరాయిలో సగమో అంతకంటే ఎక్కువో పొడైపోతుంది. ప్రిన్సెస్‌లో చాలా ఎక్కువ నిలుస్తుంది. అందుకే అదే బరువుకు సాధారణంగా ధర తక్కువ.

తెలుగింట రవ్వలు ఎక్కువగా చెవికమ్మల్లో, ముక్కుపుడకల్లో మెరిశాయి. నిశ్చితార్థానికి ఉంగరాలు మార్చుకునే ఆనవాయితీ బలపడ్డాక ఒంటిరాయి వేలికి వచ్చింది. అక్కడ చదరం నిండుగా అమరుతుంది. ఒక క్యారట్ గుండ్రటి రాయి వ్యాసం సుమారు 6.5 మిల్లీమీటర్లు. అదే బరువు ప్రిన్సెస్ భుజం 5.5 దాకా ఉన్నా, మూల నుంచి మూలకు 7.8 వస్తుంది. పైనుంచి విస్తీర్ణం కొంచెం తక్కువే అయినా చూపు ఆ మూలల దాకా సాగుతుంది. గీత గీసినట్టున్న అంచులు నిలకడను, నిజాయితీని తలపిస్తాయి. మాట ఇచ్చిపుచ్చుకునే వేళ తొడిగే రాయికి ఆ పొందిక ఎంతో తగింది.

దాని బలహీనతా ఆ మూలల్లోనే ఉంది. వజ్రం గీతలు పడనంత గట్టిది కానీ, స్ఫటిక ముఖాల దిశలో దెబ్బ తగిలితే చీలుతుంది. కనుక ప్రతి మూలనూ వి ఆకారపు ప్రాంగ్ (రాయిని పట్టే కొక్కెం) కప్పి ఉంచాలి, లేదా చుట్టూ బంగారు అంచు కట్టించాలి. ఆషర్ కోతలో లోపలి మచ్చ అద్దంలోలా కనబడుతుంది గనుక రాయి స్వచ్ఛంగా ఉండాలి. ప్రిన్సెస్ మెరుపు చిన్న మచ్చల్ని కొంత దాస్తుంది. పొడవు వెడల్పుల నిష్పత్తి 1.05 దాటితే చదరం దీర్ఘచతురస్రంలా తోస్తుంది. ల్యాబ్ సర్టిఫికెట్లలో కట్ గ్రేడ్ చాలాకాలంగా ఎక్కువగా గుండ్రటి రాళ్లకే ఇస్తూ వచ్చారు. అందుచేత చదరపు రాయిని కాగితం చూసి కొనకూడదు. దుకాణం దీపాల కింద ఒకసారి, బయట పగటి వెలుగులో ఒకసారి తిప్పి చూసి, నాలుగు మూలలూ భూతద్దంతో పరీక్షించాకే ఎంచుకోవాలి.