విపత్తు స్పందనకు కృత్రిమ మేధ బోధన: ఉపాధ్యాయశిక్షణపై విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: కృత్రిమ మేధ, విపత్తు స్పందన, ఉపాధ్యాయశిక్షణ, మూల్యాంకనం, దత్తాంశం.

1. ఉపోద్ఘాతం

సీబీఎస్‌ఈ 2019–20 విద్యాసంవత్సరంలో తొమ్మిదో తరగతి నుంచి కృత్రిమ మేధను ఐచ్ఛికాంశంగా ప్రవేశపెట్టింది. విపత్తు నిర్వహణ అంతకు చాలా ముందే, 2003లో, ఎనిమిదో తరగతి బోధనలోకి వచ్చింది. ఈ రెండూ కలిసే చోటు పదో తరగతి కృత్రిమ మేధ పాఠ్యాంశంలోని మూల్యాంకన భాగం. అక్కడి కార్చిచ్చు ఉదాహరణ ఆధారంగా, ఉన్నతపాఠశాల ఉపాధ్యాయులకు ఎలాంటి శిక్షణ కావాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఉదాహరణ బలం

అడవిలో మంట పుట్టిందో లేదో చెప్పవలసిన నమూనా ఎప్పుడూ ‘మంట లేదు’ అనే చెబుతుందనుకుందాం. మంటకు అవకాశం నూటికి రెండే అయితే దాని అక్యురసీ 98 శాతం. అయినా అది ఒక్క మంటనూ పట్టుకోలేదు. నిజంగా పుట్టిన మంటల్లో ఎన్నింటిని గుర్తించిందో చెప్పే రీకాల్, ఇచ్చిన హెచ్చరికల్లో ఎన్ని నిజమయ్యాయో చెప్పే ప్రెసిషన్ ఎందుకు అవసరమో ఇంత సులువుగా తెలిపే ఉదాహరణ అరుదు. ఈ ఎంపిక మెచ్చదగినది.

3. లెక్కలో కనిపించని మనిషి

అయితే ఈ లెక్కను మరో అడుగు ముందుకు నడపాలి. ఇంకో నమూనా ఆ రెండు మంటలనూ పట్టుకుని, ఆరుసార్లు లేని మంటకు హెచ్చరించిందనుకుందాం. అక్యురసీ 94 శాతానికి తగ్గుతుంది. రీకాల్ నూరు శాతం, ప్రెసిషన్ 25 శాతం. అడవికి బదులు తీరగ్రామాన్ని, మంటకు బదులు తుపానును ఉంచి చూస్తే, ఆ ఆరు తప్పుడు హెచ్చరికలూ మత్స్యకారులు వేట మానుకుని పోగొట్టుకున్న ఆరు దినాల రాబడి. తర్వాతి హెచ్చరికను వారు నమ్ముతారా అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. హెచ్చరిక రాకపోతే అడవి కాలిపోతుందని పాఠం చెబుతుంది. హెచ్చరికను అందుకునే మనిషిని తరగతిలోకి తేవలసింది ఉపాధ్యాయుడే.

4. దత్తాంశంలోని మౌనం

ఖతర్ కంప్యూటింగ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ రూపొందించిన ఏఐడీఆర్ వేదిక విపత్తువేళ ట్విట్టర్ సందేశాలను వర్గీకరించేందుకు ఉద్దేశించినది. దానికి ముందుగా మనుషులు కొన్ని సందేశాలను ఏ వర్గానికి చెందుతాయో గుర్తించి ఇవ్వాలి. ఇలాంటి పద్ధతి సందేశం పంపగలిగినవారినే చూడగలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్తు, ఫోన్ సేవలు దెబ్బతిన్నాయి. అటువంటి వేళ ఎక్కువ నష్టపోయిన చోటినుంచే తక్కువ సందేశాలు రావచ్చు. ఆ మౌనాన్ని క్షేమంగా చదివే నమూనా సహాయాన్ని దారి తప్పిస్తుంది. సూత్రాలు ఎంత బాగా నేర్పినా ఈ లోపం వాటిలో కనిపించదు.

5. ముగింపు

పై పరిశీలనను బట్టి శిక్షణలో మూడు అంశాలు తప్పనిసరి.

• ఉపాధ్యాయులు స్వయంగా తెలుగు సందేశాలను వర్గీకరించాలి. ఒకే సందేశాన్ని ఇద్దరు వేర్వేరుగా చదివినప్పుడు ఆ భేదానికి కారణం చర్చించాలి.

• ప్రతి లెక్క తర్వాతా, ఈ పొరపాటు భారం ఎవరిపై పడుతుందని అడగడం అలవాటు కావాలి.

• కంప్యూటర్, సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు కలిసి శిక్షణ పొందాలి. ఒకరికి నమూనా తెలుసు, మరొకరికి ఊరు తెలుసు.

ఇవి లేని శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు విద్యార్థికి 98 శాతాన్ని లెక్కగట్టడం నేర్పగలడు. మిగిలిన రెండు శాతంలో ఎవరున్నారో వెతకడం నేర్పలేడు.