'నష్టభయం' లేని మనుషులు: వ్యవసాయ నిర్వచనాల మీద కొన్ని ప్రశ్నలు

జనాభా లెక్కల వాళ్ళు వ్యవసాయ కూలీకి ఇచ్చిన నిర్వచనంలో ఒక మాట ఉంది. ఇతరుల భూమిలో డబ్బుకో గింజలకో పంటలో పాలుకో పనిచేసే మనిషికి ఆ సాగులో నష్టభయం ఏదీ లేదు, కూలికి పనిచెయ్యడమే, ఆ భూమి మీద కౌలు హక్కు కూడా ఉండదు అని దాని సారం. దీన్ని 'సాగుదారు' నిర్వచనం పక్కన పెట్టి చదవాలి. సొంత భూమైనా, సర్కారు భూమైనా, కౌలు భూమైనా సాగు చేసేవాడు సాగుదారు. బాగానే ఉంది. మరి సాగంటే ఏమిటి? దగ్గరుండి అజమాయిషీ చెయ్యడం, పని పురమాయించడం కూడా సాగేనట! గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాయన సాగుదారు అవుతాడు, బురదలో నడుం వంచి నాటేసే ఆమె అవదు. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద సాగుదారులు 11.88 కోట్లు, వ్యవసాయ కూలీలు 14.43 కోట్లు. అంటే వ్యవసాయం చేసేవాళ్ళలో ఎక్కువమంది వ్యవసాయదారులు కారని సర్కారే లెక్క తేల్చింది.

'నష్టభయం లేదు' అన్న మాట దగ్గర మేము కాసేపు ఆగదల్చుకున్నాం. పూర్వపు ఖమ్మం జిల్లా సంగతే తీసుకుందాం. దక్షిణాన సాగర్ కాలవ కింద మధిర, వైరా వైపు మాగాణి, ఉత్తరాన గోదావరి దాటితే భద్రాచలం అడవి. ఈ రెంటినీ కలిపే పంట మిరప. 2017 ఏప్రిల్ లో ధర పడిపోయి ఖమ్మం మార్కెట్ యార్డులో రైతులు తిరగబడ్డారు. కేసులు పెట్టారు, కొందరికి బేడీలేసి కోర్టుకి తీసుకుపోయారు. రాష్ట్రమంతా అట్టుడికింది, ఉడకాల్సిందే. కానీ ధర పడినప్పుడు కాయ చేలోనే వదిలేస్తే ఏరే ఆడవాళ్ళ కూలి ఎటు పోయిందని అడిగినవాళ్ళని మేము చూడలేదు. పంట పోతే పట్టాదారుకి కనీసం నష్టపరిహారం అడిగే కాగితం ఉంటుంది. పని పోయిన మనిషికి అడగడానికి కాగితమే లేదు. మందు కొట్టేవాడి ఊపిరితిత్తులు, కాయ ఏరేవాళ్ళ చేతుల మంట, ముందే తిన్న బయానా అప్పు, ఇవన్నీ నష్టాలు కావా?

2020 ఏప్రిల్ లో, లాక్ డౌన్ రోజుల్లో, ములుగు జిల్లా మిరప తోటల్లో పనిచేసిన 12 ఏళ్ళ ఆదివాసీ పిల్ల ఛత్తీస్ గఢ్ లోని బీజాపూర్ జిల్లాకి అడవిదారిన కాలినడకన బయల్దేరి, ఇల్లు చేరకముందే చచ్చిపోయింది. నిర్వచనం ప్రకారం ఆ పిల్లకి సాగులో నష్టభయం లేదు.

ఇంకో వైపు నుంచి చూద్దాం. మన ఊళ్ళల్లో మోట కొట్టిన కాలంలో ఆ తోలు బొక్కెన, దాని తొండం కుట్టింది మాదిగలు. అవి లేకపోతే బావిలో నీళ్ళు బావిలోనే ఉండేవి. తెలంగాణలో చెరువు తూము దగ్గర ఏ మడికి ఎంత నీళ్ళో చూసిన నీరటి పని చాలా ఊళ్ళల్లో మాలలది. వీళ్ళకి కల్లంలో 'మేర' కొలిచేవాళ్ళు. మేర అంటే పంటలో భాగం. దాన్ని దానంలాగా, దయలాగా విదిలించడం, తీసుకునేవాణ్ణి వెట్టికి కట్టెయ్యడం కులం చేసిన పని. ఆ మాటని మేము మురిసిపోతూ తలుచుకోవడం లేదు. కానీ ఆ రోజుల్లో దొర కూడా మేర ఇవ్వకుండా కుప్ప ఇంటికి చేర్చడానికి జంకేవాడు, ఎందుకంటే పంటలో వీళ్ళ చెయ్యి ఉందని ఊరందరికీ తెలుసు. ఆధునిక నిర్వచనం వచ్చి ఆ తోలుపనిని 'కుటీర పరిశ్రమ' గడిలో వేసింది. మాదిగ ఒక్క గీతతో వ్యవసాయం బయట పడ్డాడు. మోటలు పోయి మోటార్లొచ్చాక పోయిన బతుకుతెరువు వ్యవసాయ సంక్షోభం కిందికి రాలేదు.

నిర్వచనాలు పండితుల గొడవ అనుకునే మిత్రులు డబ్బు లెక్క చూడండి. 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరానికి పంటకి 4,000 రూపాయలు ఇచ్చింది, పట్టా ఉన్నవాడికి మాత్రమే. కౌలుదారుకి ఇవ్వబోమని సర్కారు దాపరికం లేకుండానే చెప్పింది. పాత పహాణీలో పట్టాదారు పక్కన 'అనుభవదారు' అని ఒక గడి ఉండేది, సాగులో ఎవరున్నారో అక్కడ రాసేవాళ్ళు. 2020లో ధరణి వచ్చాక ఆ గడి మాయమైంది. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో ఎకరానికి ఏడాదికి 12,000 అన్నారు. అదే రోజున భూమిలేని కూలీలకి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అన్నారు, అదీ ఏడాదికి 12,000, కాకపోతే కుటుంబం మొత్తానికి. 2023–24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలన్న షరతు వేరే. పదెకరాల పట్టాదారుని నువ్వు ఏ పని చేశావని ఎవరూ అడగలేదు. ఒక ఎకరం మట్టికీ ఒక కూలి కుటుంబానికీ ఒకే వెల కట్టారు. కూలీని అసలు గుర్తించడమే మేలని కొందరన్నారు. ఏమని గుర్తించారో కూడా చూడాలి గదా.

2007 జాతీయ రైతు విధానం ఈ విషయంలో మెరుగే. స్వామినాథన్ కమిషన్ కృషి మూలంగా కౌలుదార్లు, పాలుకి చేసేవాళ్ళు, కూలీలు, పశువుల కాపర్లు, చేపలు పట్టేవాళ్ళు, పోడు కొట్టేవాళ్ళు, అడవిలో ఏరుకుని అమ్ముకునేవాళ్ళు అందరూ 'రైతు' అన్న మాట కిందికి వచ్చారు. కానీ అది విధానం, చట్టం కాదు. దాన్ని చూపిస్తే బ్యాంకు అప్పివ్వదు.

తిండి విషయం ముక్తసరిగా చెప్తాం. 2013 ఆహార భద్రత చట్టంలో ఆహారధాన్యాలంటే బియ్యం, గోధుమ, ముతక ధాన్యాలు. జొన్న గటక మనం తాగినన్నాళ్ళూ అది ముతక. ఉన్నోళ్ళకి షుగరొచ్చి అదే జొన్న పట్నం అంగళ్ళకి ఎక్కాక 2018లో పోషక ధాన్యమైంది, 2023 బడ్జెట్లో 'శ్రీ అన్న' అయింది. గింజ మారలేదు. పెద్దకూర మాత్రం ఇంకా ఏ పోషకాహార ప్రచారంలోనూ పేరు సంపాదించుకోలేదు.

అడవి అంచుకి వస్తే విషయం చిక్కుబడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసీకి 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉంటే చాలంది. 'ఇతర సంప్రదాయ అటవీ నివాసి' మాత్రం అంతకుముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు, అక్కడే ఉండి అడవి మీద బతికి ఉండాలి. లెక్కిస్తే 1930కి పోతుంది. అప్పుడు భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో, పాల్వంచ నిజాం రాజ్యంలో. పాలేరుగా బతికిన మాల మాదిగ తాతకి 1930 నాటి ఏ రుజువుంటుంది? నియమాలు పెద్దల వాఙ్మూలాన్నీ ఒప్పుకుంటాయి నిజమే, ఎవరు పెద్ద అన్నది మళ్ళీ ఊరి పెత్తనమే తేలుస్తుంది.

ఇక్కడ మనలో కొందరు తొందరపడి 1/70 చట్టం మీద పడుతున్నారు. మేము దానికి ఒప్పుకోం. 1959 నాటి రెగ్యులేషన్ ని 1970లో గట్టి చేసింది కోయల, కొండరెడ్ల భూమిని కాపాడటానికి. అది సడలితే ఆ భూమి దళితుడికి రాదు, ఎగువ కులాల వ్యాపారికి పోతుంది. గోదావరి ఒడ్డు పొగాకు, మిరప భూముల చరిత్ర తెలిసినవాళ్ళకి ఈ మాట విడమర్చనక్కర్లేదు. దళితుడి భూమి బాకీ అడవిలో లేదు, మైదానంలో ఉంది, 1973 సీలింగ్ చట్టం తప్పించుకున్న కాలవ కింది భూముల్లో ఉంది. 2014లో మూడెకరాలన్న సర్కారు 2021కి దళితబంధు పది లక్షల 'యూనిట్' దగ్గరికి వచ్చింది. ఖమ్మం జిల్లా చింతకాని మండలాన్ని ప్రయోగానికి ఎంచుకున్నారు. ట్రాక్టరు దొరికిన కుటుంబానికి మేలే జరిగి ఉండొచ్చు. కానీ ఆ ఏడేళ్ళలో 'జీవనోపాధి' అన్న మాటలోంచి భూమి జారిపోయింది.

వేసవి సెలవుల్లో ఊళ్ళ మీదికి సర్వేలకు పోయే విద్యార్థులకి, టీచర్లకి ఒక సూచన. మొదటి ప్రశ్నగా 'ఎన్నెకరాలుంది?' అని అడగొద్దు. సున్నా రాశాక మిగతా గడులన్నీ ఖాళీగానే ఉంటాయి. పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది దాకా నెలనెలా ఏం పనికి పోయారో అడగండి. నాటుకి పోయాం, కోతకి పోయాం, కోసిన చేలో పరిగె ఏరుకున్నాం, కాయ ఏరాం, ఎండల్లో తునికాకు కోసి యాభై ఆకుల కట్టలు కట్టి కల్లంలో వేశాం అంటారు. ఆ మాటల్ని 'కూలి' అన్న ఒక్క మాటలోకి కుదించకుండా, వాళ్ళు చెప్పినట్టే రాసుకుని రండి.