ఆరుగురిలో పడేసిన చేయి, ఇద్దరిలో ఆడిన చేయి

పారువేట రోజుల్లో అహోబిలం చుట్టుపక్కల పల్లెలకు నిద్ర తక్కువ. కనుమనాడు బయలుదేరిన స్వామి, తన కల్యాణానికి రమ్మని పిలుస్తూ నెలకు పైగా ఊరూరా తిరుగుతాడు. మా ఊరి తెలుపు మీద, అంటే పల్లకి దించే గద్దె మీద, స్వామి దిగిన రాత్రి ఇంటి నిండా చుట్టాలే. పూజ ముగిశాక అరుగు మీద చాప పరిచేవాళ్లు. పదమూడు ముక్కల రమ్మీ, నూటొకటి ఆట. లెక్కకు చింతగింజలు. మా మేనమామ పనితనం నేను చూసింది ఆ చాప మీదే.

ముక్కలు ఎత్తి, విసనకర్రలా విప్పి, ఒక్క చూపు చూసి బోర్లించేవాడు. డ్రాపు. ఒక రాత్రి వెనక నుంచి తొంగిచూశాను. ఒక జోకరు, ఇస్పేటు ఆరు, ఏడు, రెండు రాణులు. నా కంటికి బంగారంలాంటి చేయి.

"దీన్ని పడేస్తావా మామా?"

"ఆరు మందిమి ఉండాం అబ్బీ. నాలుగు చుట్లు కూడా తిరగదు ఇది."

ఆ నాలుగు ఎక్కడి నుంచి వచ్చిందో చాలా ఏళ్లకు గానీ నాకు అంతుపట్టలేదు. అచ్చు జోకర్లను పక్కన పెడితే రెండు పేకల్లో 104 ముక్కలు. ఆరుగురికి పంచితే 78 చేతుల్లోకి పోతాయి, కట్టలో 26 మిగులుతాయి. కట్ జోకరు, ఓపెన్ ముక్క తీసేస్తే 24. అందరూ కట్టలోంచే ఎత్తినా మనిషికి నాలుగే. అదే ఇద్దరు కూర్చుంటే లెక్క అచ్చంగా తిరగబడుతుంది. చేతుల్లో 26, కట్టలో 78. ఆరుగురిలో ఆట పంపకంలోనే సగం తేలిపోతుంది. ఇద్దరిలో చేయిని కట్టుకునే వ్యవధి ఉంటుంది. అందుకే ఆరుగురిలో మామ రాజులనూ రాణులనూ మొదటి చుట్లోనే వదిలించుకునేవాడు. ఎవరో ఒకరు షో పెట్టేలోగా చేతిలో పది పాయింట్ల ముక్కలు ఉంచుకోకూడదు. ఇద్దరిలో అవే రాణులను ఓపిగ్గా దాచుకునేవాడు.

నాకు ఇంతకన్నా అందంగా కనిపించే సంగతి ఇంకొకటి ఉంది. రమ్మీలో మన ముందువాడు పారేసిందే మనకు అందుతుంది, మనం పారేసింది మన తర్వాతివాడికే అందుతుంది. ఆరుగురిలో వీళ్లు ఇద్దరు వేరువేరు మనుషులు. మామ కళ్లు తర్వాతివాడి మీదే ఉండేవి. అతను ఆఠీను ఎనిమిది ఎత్తాడంటే, ఆఠీను ఏడు, తొమ్మిది మామ చేతిలోంచి కదిలేవి కావు. మిగతా నలుగురికి ఏం కావాలో తెలుసుకోవాలన్న తాపత్రయమే లేదు, ఆ ముక్క వాళ్లదాకా రాదు గనక. ఇద్దరిలో మాత్రం ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒక్కడే. అప్పుడు ఎదుటివాడు ఎత్తిన ప్రతి ముక్కా, వదిలిన ప్రతి ముక్కా మనసులో వరుసగా నిలవాలి. ఒక్కో ముక్క రెండేసి ఉంటుంది. ఆఠీను ఏడులు రెండూ, తొమ్మిదులు రెండూ పోయాయని గుర్తుంటే ఎనిమిదిని జోకరు లేని సీక్వెన్సు భయం లేకుండా వదలొచ్చు. ట్రిప్లెట్ భయం, జోకరుతో కట్టే సీక్వెన్సు భయం మాత్రమే మిగులుతాయి. ఇద్దరి ఆటలో మామ ముక్కలను రంగుల వారీగా పేర్చడం కూడా మానేసేవాడు. ఏ చోటి నుంచి ముక్క లాగాడో చూసి చేయి పసిగట్టే వీలు ఎదుటివాడికి ఇవ్వకూడదు గదా.

ఈ జ్ఞాపకశక్తినే సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో, 1967 నవంబరులో, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నేర్పుదే పైచేయి అని తీర్పు ఇచ్చింది. మూడు ముక్కలాటను మాత్రం కేవలం అదృష్టం కిందే లెక్కేసింది. ఆంధ్రప్రదేశ్ వర్సెస్ సత్యనారాయణ అని ఆ కేసు న్యాయశాస్త్రం చదివేవాళ్లకు ఇప్పటికీ తెలుసు.

అయితే నూటొకటి ఆటలో అసలు పరీక్ష నడిరాత్రి దాటాక వస్తుంది. ఒక్కొక్కరు నూటొకటి చేరి లేచిపోతుంటే అదే చాప మీద ఆరుగురు నలుగురవుతారు, నలుగురు ఇద్దరవుతారు. డ్రాపుకు 20, మధ్యలో దిగితే 40, నిండా పడితే 80. ఆరుగురిలో ఓపికగా డ్రాపు చేసి నెగ్గుకొచ్చినవాడు ఇద్దరిలోనూ అదే చేస్తాడు. అయిదు డ్రాపులకే నూరు! ఆ ఓపికే అతన్ని ముంచుతుంది. పోకరులో తొమ్మిదిమంది బల్ల నుంచి ఇద్దరి బల్లకు వచ్చేవాళ్లకూ ఎదురయ్యే చిక్కు ఇదే. అక్కడా మనుషులు తగ్గేకొద్దీ ఆడదగ్గ చేతులు పెరుగుతాయి. మామకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నలుగురయ్యేసరికి ఆయన నడుం నిటారయ్యేది. ఇద్దరయ్యేసరికి తాంబూలం కూడా పక్కన పెట్టేసేవాడు.

నేను తొంగిచూసిన ఆ రాత్రి, తెల్లవారుజామున మిగిలింది మామ, మా చిన్నాన్న. పల్లకి లేవడానికి బోయీలు సిద్ధమవుతున్నారు. పంచిన ముక్కలు విప్పి మామ నాకేసి కాస్త వంచి చూపించాడు. ఒక జోకరు, ఇస్పేటు ఏడు, ఎనిమిది, రెండు రాజులు. రాత్రి పడేసిన చేయికి అన్నదమ్ముడు. చింతగింజలను మోకాలితో పక్కకు జరిపి, కట్టలోంచి ముక్క ఎత్తాడు.