టాకోయు టెకీలాయు: వడ్డనకు ముందటి పని

ఖరగ్‌పూరు గోల్‌బజారులోను, మథురాకాటీ, నిమ్‌పురా రైల్వే కాలనీల చుట్టుపట్లను ప్రొద్దుననే పొగలు గ్రక్కు ఇడ్లీ దోసెల బండ్లను చూచువారికి, అది యెన్నడో పొరుగుసీమనుండి యిచ్చటికి దిగిన వంటకమను తలపే నేడు కలుగదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడి, తూర్పుతీరపు మార్గమున వాల్తేరు మొదలు కటకము వరకుగల భాగము 1902లో దాని యధీనమునకు వచ్చిన పిమ్మట, నాటి గంజాము, విశాఖపట్టణ మండలములనుండి బ్రతుకుతెరువు వెదకికొనుచు ఇచ్చటి వర్కుషాపునకును యార్డునకును వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు, తట్టాబుట్టలతోపాటు మినుములు నానబోయుటయు, రుబ్బుటయు, రాత్రియంతయు పిండిని పులియనిచ్చుటయు నను పనినికూడ వెంటబెట్టుకొని వచ్చినవి. ఆ పని వచ్చినందుననే వంటకము నిలిచినది. పని రాక పేరుమాత్రము వచ్చిన చోట్ల, సోడాపొడితో పొంగించిన పిండిని పెనముపై పరచి దోసెయని వడ్డించినప్పుడు, తిన్నవాని ముఖము చూచిన చాలును.

ఈ యనుభవము గల పట్టణవాసులకు టాకోలు, టెకీలా వడ్డించు మెక్సికో భోజనశాలను గూర్చి చెప్పుట తేలిక. బెంగుళూరున 2010లో అమెరికా కంపెనీవారు తమ తొలి టాకో దుకాణము తెరచినది మొదలు ఆ వంటకము మన మహానగరములలో వేగముగ వ్యాపించుచున్నది. హిజ్లీలో 1951లో వెలసిన సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు సెలవులకు పోయి వచ్చినప్పుడెల్ల క్రొత్త రుచులను వెంటదెచ్చు ఈ రైల్వే పట్టణమునకు దాని వంతు నేడో రేపో రాకమానదు. వచ్చినప్పుడు గోడలమీది రంగుల టోపీలను, పళ్లెములోని అలంకారమును చూచి మురియుటకు ముందు విచారింపవలసిన దొక్కటే కలదు: ఆ వంటకముతోపాటు దాని వెనుకనున్న పని వచ్చినదా, లేదా?

టాకో యనగా, అరచేతిలో ఇమిడిపోవు మొక్కజొన్న రొట్టెను వేడివేడిగా మడిచి, అందు మాంసమో, చేపయో, చిక్కుడుగింజల ముద్దయో యుంచి, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసము చేర్చి చేతితో తినునట్టి భోజనము. మిరపయు టమాటాయు మొక్కజొన్నయు మనకు అమెరికా ఖండమునుండియే వచ్చినవి గనుక ఈ రుచులలో మనకు పరాయిదనిపించున దల్పము. నింపుడు పదార్థములను గూర్చి ఎన్నియైనను వ్రాయవచ్చును, కాని అందులో రహస్యమేమియు లేదు. రహస్యమంతయు రొట్టెలో నున్నది.

ఎండిన మొక్కజొన్న గింజను మన జొన్నవలె నేరుగా విసరి, ఆ పిండిని తడిపి రొట్టె తట్టినచో అది పగిలి విచ్చిపోవును. వేడినీళ్లతో పిసికి కష్టపడి నిలిపినను పలుచని రొట్టె రాదు. మెక్సికో, మధ్య అమెరికాల ప్రాచీనులు ఇందునకు కనిపెట్టిన యుపాయము సున్నము. గింజల తూకములో నూటికి ఒక వంతు మాత్రపు సున్నము కలిపిన నీట వానిని కొంతసేపు సన్నని మంటపై ఉడికించి, దించి, రాత్రియంతయు ఆ నీటిలోనే నాననిత్తురు. తెల్లవారునప్పటికి గింజపై పొట్టు జిగటయై వ్రేళ్లకు ఊడివచ్చును. ఆ పసుపుపచ్చని నీటిని పారబోసి, గింజలను కడిగి, మూడు కాళ్లుగల వాలురాయి మీద రాతిరోకలితో ముందునకును వెనుకకును నూరుదురు. ఇట్లు సిద్ధమైన గింజను నిష్తమల్ అనియు, నూరిన ముద్దను మాసా అనియు అందురు. సున్నము గింజ గోడలలోని బంకపదార్థములను కరగించుటచేత ఆ ముద్ద చేతికి అంటక, విరుగక, కావలసినంత పలుచగా సాగును. దానిని గుండ్రముగ నొత్తి, కొమాల్ అను మట్టి పెనముపై రెండుమార్లు త్రిప్పి కాల్చినచో మూడవ త్రిప్పున నడుమ ఆవిరి చేరి పొంగును. ఆ పొంగు చూచియే మాసా బాగుగా కుదిరినదని వంటవా రెరుగుదురు. బూడిదగుమ్మడి ముక్కలను మురబ్బా చేయుటకు ముందు సున్నపు తేటలో నానవేయు గృహిణికి ఈ విద్యలోని సగము చెప్పకయే తెలియును.

ఈ పద్ధతి సుమారు మూడువేల యేండ్లకు పైబడినదని పురాతత్త్వ శాస్త్రజ్ఞుల మతము. దానిని కనిపెట్టిన ప్రాచీనులకు అందలి రసాయనము తెలియదు. అది తెలియకపోవుటవలన కలిగిన యనర్థమును మాత్రము అనుభవించినవారు వేరొకరు. స్పానిష్ ఓడలు మొక్కజొన్నను ఐరోపాకు గొనిపోయినప్పుడు గింజను గొనిపోయినవి గాని, సున్నమును, నానబెట్టు పనిని గొనిపోలేదు. ఉత్తర ఇటలీ, స్పెయిను పేదరైతులు దానినే ముప్పూటల తినసాగిన కొలదికాలమునకే చర్మము పగిలి, విరేచనములు పట్టి, మతిచెడి మరణించు వింతవ్యాధి బయలుదేరినది. 1735లో స్పెయిను వైద్యుడు గాస్పర్ కాసాల్ దానిని వర్ణించెను. తరువాత ఇటలీలో దానికి పెల్లాగ్రా యను పేరు స్థిరపడెను. ఇరువదవ శతాబ్ది తొలిదశలలో అమెరికా దక్షిణ రాష్ట్రములలో అది వేలకొలది ప్రాణములను బలిగొన్నది. అంటువ్యాధియని యెల్లరు భ్రమపడుచున్న కాలమున జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అను ప్రభుత్వవైద్యుడు 1914 మొదలు పరిశోధించి ఇది తిండిలోపమని వాదించెను. 1937లో కాన్రాడ్ ఎల్వేజెమ్ నికోటినిక్ ఆమ్లమే దానికి విరుగుడని తేల్చెను. మొక్కజొన్నలో ఆ విటమిను లేకపోలేదు, కాని దేహమునకు అందనట్లు బంధింపబడియున్నది. సున్నము ఆ బంధమును విప్పును. సున్నములోని కాల్షియము రొట్టెలో చేరి యెముకలకు బలమిచ్చుట మరియొక లాభము.

ఈ కథకు తెలుగునాట ఒక శాఖ కలదని తెలిసినవారు తక్కువ. కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యలు, మొక్కజొన్న యెరుగని దక్కను పల్లెలలో జొన్నయే ముఖ్యాహారముగ గల పేదలకు పెల్లాగ్రా ఏల వచ్చుచున్నదని విచారించి, జొన్నలో మిక్కుటముగ నుండు ల్యూసిన్ అను పదార్థమే కారణమై యుండునని 1960లో ప్రకటించిరి. ఆ సిద్ధాంతముపై తరువాత వాదప్రతివాదములు నడచినవి గాని, ఒకే ధాన్యముమీద బ్రతుకువాని పళ్లెమును శాస్త్రజ్ఞులు అంత శ్రద్ధగా పరిశీలించుట మన దేశమున గొప్ప సంగతి. మెక్సికో రైతు మొక్కజొన్నతో చిక్కుడుగింజలను, మిరపను, గుమ్మడిని కలిపి తినుటయు ఈ దృష్టితో చూడదగినదే. ఆ దేశపు సంప్రదాయ పాకమును యునెస్కో 2010లో మానవజాతి వారసత్వ సంపదగ గుర్తించినది. ఈ కీర్తి పళ్లెములోని రంగులకు గాక, పొలము మొదలు పెనము వరకు సాగు పనికి దక్కినదని నేను తలంతును.

ఇక మార్పులను గూర్చి కొంచెము చెప్పవలెను. 1949 నుండి మెక్సికోలోనే యంత్రములపై నిష్తమల్ పిండిని ఆరబెట్టి సంచులలో అమ్ముచున్నారు. నీరు కలిపిన ముద్ద యగును. ఖరగ్‌పూరువంటి యూర అంతకంటె మించినది దొరకుట కష్టము, దానితో చేసిన రొట్టెను నేను తప్పుపట్టను. నూనెలో వేచి పెళుసుచేసిన మడతరొట్టె కాలిఫోర్నియాలోని మెక్సికో కుటుంబముల హోటళ్లలో పుట్టి, అమెరికా వ్యాపారుల చేతిలో పెరిగినది; అదియు ఒక వంటకమే, కాని ఒక్క కొరుకునకు ముక్కలై ఒడిలో పడు టాకోను చేసినవాని తెలివికి నమస్కరింపవలెను. మెక్సికోలోనే పుట్టిన మరియొక మార్పు ఇంతకంటె ముచ్చటైనది. లెబనాను నుండి వలసవచ్చిన కుటుంబములు నిలువుకమ్మికి గ్రుచ్చి కాల్చు గొఱ్ఱెమాంసపు విద్యను 1930ల ప్రాంతమున ప్యూబ్లా నగరమున ప్రవేశపెట్టగా, తరువాతివారు గొఱ్ఱెకు బదులు పందిమాంసమును, ఎండుమిరపను, మన విశాఖ, శ్రీకాకుళ మన్యపు రైతులు పండించు జాఫ్రాగింజల యెర్రరంగును చేర్చి, పైన అనాసపండు ముక్క నిలిపి, అల్ పాస్తోర్ అను టాకోగా మార్చిరి. నేడది మెక్సికో నగరపు వీధులకు గుర్తు. వలసవచ్చినవాని వంట ఊరివంట యగుటను చూచిన ఖరగ్‌పూరు తెలుగువాడు ఇందులకు ఆశ్చర్యపడడు.

టెకీలాకు వత్తము. మద్యమును గూర్చి వ్రాయుట మద్యమును ప్రోత్సహించుట గాదని ముందుగ విన్నవించుకొందును. రైలుకట్టల వెంట, పశువులు పట్టాలెక్కకుండ కంచెగా నాటిన కిత్తనార పొదలను, రాకాసిమట్టలని మనవారు పిలుచు ఆ ముండ్లమొక్కలను, హౌరా నుండి మద్రాసు పోవు మెయిలులో కిటికీయొద్ద కూర్చున్న తెలుగువా రెందరో చూచియుందురు. వాని జాతి అమెరికా ఖండమునకు, ముఖ్యముగ మెక్సికో సీమకు చెందినది. అందు నీలిఛాయ గల యొకానొక రకము నుండి మాత్రమే టెకీలా తీయవలెనని అచ్చటి శాసనము. ఆ మొక్క ఆరు మొదలు ఎనిమిదేండ్ల వరకు నేలలో పెరుగవలెను. పూవు పుట్టు సమయమున దాని నడుమనుండి పొడవైన స్తంభము లేచును; దానిని ఎదుగనిచ్చినచో మొక్కలోని చక్కెరయంతయు పూవునకు పోవును గనుక రైతు దానిని ముందే నరికివేయును. రాత్రులందు ఆ పూవులను ఆశ్రయించు గబ్బిలములకు ఆహారము తప్పుటయు, విత్తనము లేక పిలకలచేతనే తోటలన్నియు పెంచుటయు దీని ఫలితములు. తోటలోని మొక్కలన్నియు ఒకే వంశమగుటచేత 1990ల చివర తెగులు తగిలినప్పుడు నష్టము మిక్కిలిగా వాటిల్లెను.

కోతపని హిమాదోర్ అను నేర్పరిది. పొడవైన పిడికి గుండ్రని పదునుపలక అమర్చిన కోవా అను పనిముట్టుతో అతడు ముండ్లమట్టలను ఒక్కొక్కటే చెక్కివేయగా నడుమ అనాసపండువంటి దొడ్డ గడ్డ మిగులును. మట్టయొక్క పచ్చదనము ఎక్కువ మిగిలినచో రసమునకు చేదు వచ్చును, లోతుగ చెక్కినచో చక్కెర పోవును. ఈ గడ్డలను ఇటుకల ఆవములలో నింపి రెండు మూడు దినములు ఆవిరిపై మెల్లగ ఉడికించుట పాతపద్ధతి. పచ్చిగడ్డలోని పిండిపదార్థము ఈ వేడికే తీపిగ మారును. తరువాత తహోనా యను పెద్ద రాతిచక్రముతో నలిపి, రసము పులియబెట్టి, రెండుమార్లు బట్టీ పట్టుదురు. నేడు పెద్ద కార్ఖానాలలో యంత్రములు కొన్ని గంటలలో ఈ పని ముగించును. పిమ్మట ఓకుపీపాలలో రెండు నెలలు దాటి యేడాదిలోపల నున్నది రెపొసాదో, యేడాది మొదలు మూడేండ్లవరకు ఉన్నది అన్యేఖో. పీపా యెక్కనిది తెల్లది. పీపా వయస్సు ధరను పెంచును గాని, మొక్కరుచిని చంపును. మొక్కను రుచిచూడగోరువాడు తెల్లదే యెన్నుకొనవలెను.

టెకీలా పేరునకు 1974 నుండి చట్టరక్షణ కలదు; నేడది హాలిస్కో రాష్ట్రమునకును, మరి నాలుగు రాష్ట్రముల కొన్ని భాగములకును పరిమితము. నూటికి 51 వంతులు ఈ గడ్డ చక్కెర యున్నను ఆ పేరు పెట్టుకొనవచ్చును, తక్కినది చెరకువంటి యితర చక్కెర. కనుక సీసాపై నూటికి నూరు అగావే యని వ్రాసియున్నదా యని చూచుట మర్యాదకు లోపము గాదు. మన చిత్తూరు జిల్లాలోని చిన్న బట్టీలో దక్కను కిత్తనారల నుండి తీసిన మద్యమును దెస్మండ్ నజరెత్ 2011లో గోవాలో అమ్మకమునకు పెట్టినప్పుడు దానికి టెకీలా యను పేరు పెట్టుటకు వీలుపడకపోవుటకు ఈ చట్టమే కారణము. పేరు రాకపోయినను గడ్డను ఉడికించి రసము తీయు పని వచ్చినది. రైలుకట్టపై కంచెగ నిలిచిన మొక్క మనదేశమున సీసాకెక్కుటకు ఆ పనియే చాలినది.

ఉప్పు నాకి, గుటకవేసి, నిమ్మబద్ద కొరుకు తమాషా నవయువకుల పండుగలకు బాగున్నది. మంచి టెకీలాను మెక్సికోవారు మెల్లగనే చప్పరింతురు. టాకోకు మాత్రము జాగు పనికిరాదు: రొట్టె చల్లారిన కొలది తోలుగ మారును గనుక, ఎదుటివారి పళ్లెము వచ్చువరకు వేచియుండు మన మర్యాదను ఆ బల్లయొద్ద విడిచిపెట్టి, రెండేసి చొప్పున తెప్పించుకొని, వచ్చినవి వచ్చినట్లే తినవలెను. వంటవానిని రొట్టె దేనితో చేసినాడో అడుగవలెను. గోధుమ యని యతడు చెప్పినను వెంటనే లేచిపోరాదు. స్పెయినువారు గోధుమ నాటిన ఉత్తర మెక్సికోలో, ముఖ్యముగ సోనోరా సీమలో, పలుచని గోధుమరొట్టెయే తరతరములుగ ఇంటింటి తిండి. అతడు దానిని అప్పటికప్పుడు ఒత్తి కాల్చుచున్నాడా, పొట్లమునుండి తీసి వెచ్చబెట్టుచున్నాడా యన్నది మాత్రము అడుగదగిన ప్రశ్న.